కోహా లాంటి సాఫ్ట్‌వేర్ మీద పుస్తకం వేయాలంటే: ముందు లెక్క, తర్వాత రాత

లైబ్రరీల కోసం ఉన్న కోహా, మ్యాపుల కోసం ఉన్న క్యూజీఐఎస్ లాంటి సాఫ్ట్‌వేర్లు కొద్దిమందే వాడతారు. కానీ ఆ కొద్దిమందికి అవి లేకపోతే పని జరగదు. అలాంటి సాఫ్ట్‌వేర్ మీద పుస్తకం రాయాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను గుంటూరు జిల్లాలో డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్ని. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహా మీద తెలుగులో పుస్తకం రాసి, నేనే అచ్చు వేయించి, నేనే పార్సిళ్లు కట్టి పంపుతున్నాను. తోటి లైబ్రేరియన్లు ఫోన్ చేసి మొదట అడిగే మాట, "మేడమ్, ఏమైనా మిగులుతుందాండీ?" అని. మిగులుతుంది. కానీ మిగిలేదీ లేనిదీ మొదటి పేజీ రాయకముందే కాగితం మీద తేల్చుకోవచ్చు. ఆ లెక్క ఎలా వేయాలో చెబుతాను.

తెలియనివాళ్ల కోసం కోహా గురించి రెండు మాటలు. న్యూజిలాండ్‌లో హొరొఫెనువా లైబ్రరీ ట్రస్ట్ పాత సిస్టమ్ 2000 సంవత్సరం మార్పుని తట్టుకోలేదని, కటిపో కమ్యూనికేషన్స్ అనే సంస్థ చేత కొత్తది చేయించుకుంది. అది 2000 జనవరి 3న పని మొదలుపెట్టింది. ఓపెన్ సోర్స్ కాబట్టి లైసెన్సు ఫీజు లేదు. మన దగ్గర కాలేజీలు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల సోల్, ఎన్ఐసీ వాళ్ల ఈ-గ్రంథాలయ, హైదరాబాదులోనే తయారైన న్యూజెన్‌లిబ్ వాడుతూ వచ్చాయి. వాటితో పాటు ఇప్పుడు కోహా కూడా చాలాచోట్ల కనిపిస్తోంది.

పాఠకుల్ని పేరుపేరునా లెక్కపెట్టండి

నవల రాసేవాళ్లకి పాఠకులెవరో ముందు తెలియదు. మనకి తెలుస్తుంది. మన పెట్టుబడిలో సగం అదే, అందుకే దీని మీద ఎక్కువ సమయం పెట్టమంటాను.

న్యాక్ గుర్తింపు కోసం కాలేజీలు సమర్పించే సెల్ఫ్ స్టడీ రిపోర్టులు చూడండి. నాలుగో క్రైటీరియన్ కింద లైబ్రరీ గురించి అడిగేచోట సాఫ్ట్‌వేర్ పేరు, ఆటోమేషన్ పూర్తిగా జరిగిందా పాక్షికంగానా, ఏ వెర్షన్, ఏ సంవత్సరంలో మొదలుపెట్టారు అన్నవి కాలేజీలే రాసిపెట్టాయి. ఈ రిపోర్టులు కాలేజీల సైట్లలోనే ఉంటాయి. కాకినాడ, అనంతపురం, హైదరాబాదు జేఎన్‌టీయూలు, నాగార్జున, కృష్ణా, ఉస్మానియా, కాకతీయ యూనివర్సిటీల అనుబంధ కాలేజీల జాబితాలు తీసుకుని ఒక్కొక్కటీ చూస్తూ పోతే మీ పాఠకుల పట్టిక తయారవుతుంది. ఓపాక్ (పాఠకులు లైబ్రరీ పుస్తకాలు వెతుక్కునే ఆన్‌లైన్ పేజీ) బయటికి తెరిచి ఉన్న కాలేజీలైతే ఆ పేజీ చూస్తేనే కోహానో కాదో తెలిసిపోతుంది.

పట్టికలో మూడు గడులు పెట్టుకోండి. మొదటిది కోహా వాడుతున్నవాళ్లు. రెండోది వేరే సాఫ్ట్‌వేర్‌లో ఉండి, పాత వెర్షన్‌తో లాక్కొస్తున్నవాళ్లు. మూడోది ఇంకా రిజిస్టరులోనే రాస్తున్నవాళ్లు. మొదటి గడి వాళ్లే మీ పుస్తకం కొంటారని అనిపిస్తుంది. నా అనుభవంలో ఎక్కువ ఆత్రంగా కొనేది రెండో గడి వాళ్లు. పాత సాఫ్ట్‌వేర్ నుంచి డేటా బయటికి తీసి, లైబ్రరీ రికార్డులు సరిచేసే మార్క్‌ఎడిట్ అనే టూల్‌లో సరిచేసి, కోహాలోకి ఎక్కించడం వాళ్లకి పెద్ద టెన్షన్. ఎన్నో ఏళ్లు కష్టపడి ఎక్కించిన రికార్డులు పోతాయేమోనని భయం. ఆ భయాన్ని తీర్చే అధ్యాయం మీ పుస్తకంలో ఉంటే ఆ ఒక్కదాని కోసమే కొంటారు.

మొదటి రెండు గడుల్లో కలిపి 300 కాలేజీలు తేలాయనుకుందాం. అందరూ కొంటారని మాత్రం లెక్క వేయకండి. బడ్జెట్ లేనివాళ్లుంటారు, లైబ్రేరియన్ పోస్టే ఖాళీగా ఉన్న కాలేజీలుంటాయి. సగం మంది ఒక్కో కాపీ కొంటారని, లైబ్రరీ సైన్స్ విద్యార్థులు, సొంతానికి కొనుక్కునే లైబ్రేరియన్లు కలిసి ఇంకో 40 కాపీలు తీసుకుంటారని అనుకుంటే 190 కాపీలు. చిన్న సంఖ్యే. కానీ ఊహించిన సంఖ్య కాదు, ఊళ్ల పేర్లతో సహా చేతిలో ఉన్న సంఖ్య. దీని మీదే మిగతా లెక్కంతా నిలబడుతుంది.

మాన్యువల్‌లో లేనిదే రాయండి

కోహా మాన్యువల్ కమ్యూనిటీ సైట్‌లో ఉచితంగా ఉంది, చాలా వివరంగా కూడా ఉంది. వీడియోలు కొల్లలుగా ఉన్నాయి. ఇక అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో ఏ సాఫ్ట్‌వేర్ పేరు చెప్పినా కోర్సు మెటీరియల్ స్పైరల్ బైండింగ్ చేసి చేతిలో పెడతారు. ఇన్ని ఉండగా మన పుస్తకానికి డబ్బులెందుకు ఇవ్వాలి? ఈ ప్రశ్నకి ఒక్క వాక్యంలో జవాబు రాసుకోలేకపోతే పుస్తకం మొదలుపెట్టకండి.

నా జవాబు నరసరావుపేట వైపు నుంచి వచ్చిన ఒక ఫోన్‌లో దొరికింది. "మేడమ్, తెలుగు పుస్తకాలన్నీ ఎక్కించానండీ. ఓపాక్‌లో తెలుగులో కొడితే ఒక్కటీ సరిగ్గా రావడం లేదు. ఇంగ్లీషువి మాత్రం వస్తున్నాయి." తెలుగు పుస్తకాలు ఎక్కువగా ఉన్న ప్రతి లైబ్రరీకీ ఎదురయ్యే సమస్యే ఇది. కోహాలో వెతుకులాట నడిపే జీబ్రాని లాటిన్ లిపి పద్ధతిలోనే వదిలేస్తే తెలుగు మాటల్ని అది సరిగ్గా విడదీయలేదు. మిగతా లిపులకీ పనికొచ్చే ఐసీయూ అనే పద్ధతికి మార్చి, రికార్డులన్నిటినీ మళ్లీ మొదటి నుంచి ఇండెక్స్ చేయించాలి. ఈ సంగతి ఎక్కడా లేదని కాదు. ఉంది, కానీ సర్వర్ పనులు తెలిసినవాళ్లకి అర్థమయ్యే భాషలో ఉంది. ఒక లైబ్రేరియన్ ఒంటరిగా కూర్చుని చేసుకునేలా, ప్రతి అడుగుకీ ముందు బ్యాకప్ ఎలా తీసుకోవాలో చెబుతూ, ఏది కనిపిస్తే సరిగ్గా జరిగినట్టో చెబుతూ రాస్తే అది పుస్తకం అవుతుంది.

అలాంటి సమస్యలు పదిహేను ఇరవై పోగుచేయండి. రచయిత పేర్లు ఇంటిపేరుతో మొదలుపెట్టాలా వద్దా, బార్‌కోడ్ లేబుళ్లు మన షాపుల్లో దొరికే షీట్లకి ఎలా సరిపెట్టాలి, సెలవుల్లో ఫైన్ పడకుండా క్యాలెండర్ ఎలా పెట్టాలి, స్టాక్ వెరిఫికేషన్ రిపోర్టు ప్రిన్సిపాల్‌కి ఇచ్చే రూపంలో ఎలా తీయాలి. ఇవి మాన్యువల్ రాసేవాళ్లకి తట్టవు, ఎందుకంటే వాళ్లు మన లైబ్రరీలో కూర్చోలేదు. మనం కూర్చున్నాం.

మాన్యువల్లోని పేరాలు యథాతథంగా ఎత్తి పెట్టకండి. దానికి దాని లైసెన్సు షరతులున్నాయి. పైగా ఉచితంగా దొరికేదాన్ని డబ్బుకి అమ్మితే మన పాఠకులకి వెంటనే తెలుస్తుంది. వాళ్లు లైబ్రేరియన్లు కదా.

ధర

ఇక అసలు విషయం. 240 పేజీల డెమ్మీ సైజు పుస్తకం, లోపల నలుపు తెలుపు, డిజిటల్ ప్రింటింగ్‌లో 200 కాపీలు వేయించామనుకుందాం. కాపీకి 140 రూపాయలు పడిందనుకోండి, మొత్తం 28,000. డీటీపీ, ప్రూఫులు, అట్ట డిజైన్ కలిపి 25,000. ప్యాకింగ్, పోస్టేజీ కాపీకి 50 చొప్పున 10,000. మొత్తం ఖర్చు 63,000. పది కాపీలు ఉచితంగా పోతాయి, ఎక్కడికో తర్వాత చెబుతాను. మిగిలిన 190 అమ్ముడయ్యాయనుకుందాం.

పేజీకి ఇంత అని లెక్కేసి ధర 450 పెట్టారు. లైబ్రరీలకి 20 శాతం డిస్కౌంట్ ఇస్తే చేతికి 360 వస్తాయి. 190 కాపీలకి 68,400. ఖర్చులు పోను మిగిలేది 5,400. పుస్తకం రాయడానికి 300 గంటలు పట్టిందనుకుంటే గంటకి 18 రూపాయలు. అదీ అన్నీ అమ్ముడుపోతేనే. అమ్ముడుపోని కాపీలకి పోస్టేజీ పడదు కాబట్టి అది తీసేసి చూసినా, 173 కాపీలు అమ్మితే గానీ పెట్టిన డబ్బులు వెనక్కి రావు.

అదే పుస్తకానికి 650 పెట్టండి. డిస్కౌంట్ పోను 520. 190 కాపీలకి 98,800. ఖర్చు అంతే, 63,000. మిగిలేది 35,800. పెట్టుబడి 114 కాపీలకే వచ్చేస్తుంది. ధర చూసి 40 మంది వెనక్కి తగ్గి 150 కాపీలే పోయినా 17,000 మిగులుతాయి, ఇంకో 40 కాపీలు చేతిలో ఉంటాయి. 450 ధరకి అన్నీ అమ్మినదానికంటే ఇది మూడు రెట్లకు పైగా.

తెలుగు పుస్తకానికి 650 అంటే రాసినవాళ్లకే భయం వేస్తుంది. మన చుట్టూ 150, 200 ధరల తెలుగు పుస్తకాలు చూసి పెరిగాం కదా. కానీ మన పుస్తకాన్ని కథల పుస్తకం పక్కన పెట్టి చూడకూడదు. కొనేవాళ్లు దేనితో పోల్చుకుంటారో చూడండి. ఒక వెండర్‌ను పిలిచి ఒక పూట ట్రైనింగ్ ఇప్పించుకుంటే వేలల్లో బిల్లు అవుతుంది. మైగ్రేషన్‌లో డేటా చెడితే మళ్లీ ఎక్కించడానికి నెలలు పడుతుంది. వాటి ముందు 650 కాలేజీకి భారం కాదు. సొంత డబ్బుతో కొనే విద్యార్థులకి మాత్రం భారమే. అందుకని వాళ్లకి వేరే ధర పెట్టండి, ఐడీ కార్డు ఫోటో పంపితే చాలు. సంస్థకి ఒక ధర, విద్యార్థికి ఒక ధర ఉండటంలో తప్పేమీ లేదు. ఇలా చేస్తేనే పుస్తకం అందరికీ అందుతుంది, రెండో ముద్రణకి డబ్బులూ ఉంటాయి.

ఇంకో ఆకర్షణ ఆఫ్‌సెట్ ప్రింటింగ్. వెయ్యి కాపీలు వేస్తే కాపీ 70కే వస్తుందంటారు ప్రెస్సువాళ్లు. నిజమే. కానీ 70,000 కట్టాలి. 190 మందే ఉన్నప్పుడు 450 ధరకి అమ్మితే 36,600 నష్టం, ఇంట్లో 800 కాపీలు. కాపీ ఖరీదు తగ్గిందని సంతోషపడే లోపే కోహా కొత్త వెర్షన్ వచ్చేస్తుంది. 200 దాటి మొదటి ముద్రణ వేయొద్దు. డిజిటల్‌లో మళ్లీ 100 వేయించుకోవడం వారం పని.

పబ్లిషరు సంగతి

మనకి శ్రమ లేకుండా పబ్లిషరుకి ఇస్తే? సాంకేతిక పుస్తకాలకి రాయల్టీ సాధారణంగా 10 నుంచి 15 శాతం మధ్య ఉంటుంది. కాంట్రాక్టులో ఆ శాతం దేని మీదో చూడండి. ముద్రిత ధర మీదైతే 450 పుస్తకానికి 10 శాతం అంటే 45 రూపాయలు. నికర రాబడి మీదైతే, పంపిణీదారుకి 40 శాతం పోగా పబ్లిషరు చేతికొచ్చేది 270, అందులో 10 శాతం 27 రూపాయలు. 190 కాపీలకి 5,130.

ఈ సంఖ్యని పైన 450 ధరకి సొంతంగా వేసుకుంటే మిగిలిన 5,400తో పోల్చి చూడండి. దాదాపు సమానం. అంటే ధర పెంచే ధైర్యం లేకపోతే సొంతంగా వేసుకోవడం దండగ, పబ్లిషరుకి ఇచ్చి హాయిగా ఉండటమే మేలు. మన 63,000 రిస్కులో పెట్టి, పార్సిళ్లు కట్టి, ఆ అయిదు వేలే తీసుకోవడంలో అర్థం లేదు. పబ్లిషర్లలోనూ తేడాలున్నాయి. అమెరికాలోని ప్రాగ్మాటిక్ బుక్‌షెల్ఫ్ లాభంలో సగం రచయితకి ఇచ్చే పద్ధతితో పేరు తెచ్చుకుంది. కానీ అలాంటి సంస్థలు మన 300 కాలేజీల కోసం తెలుగు పుస్తకం వేయవు.

డబ్బు తీసుకుని పుస్తకం వేసే సంస్థలకి మాత్రం దూరంగా ఉండండి. ప్రమోషన్ పాయింట్ల కోసం ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు) ఉన్న పుస్తకం కావాలనుకునే అధ్యాపకులే వాళ్ల ఖాతాదారులు. మన దేశంలో ఐఎస్‌బీఎన్‌కి ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ పోర్టల్‌లో రచయిత పేరుతో కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఉచితంగా దొరికే నంబరుని వేలు పోసి కొనేలా చేయడం చూస్తే నాకు కోపం వస్తుంది.

తెలుగా, ఇంగ్లీషా

ఇంగ్లీషులో రాస్తే దేశమంతా కొంటారని అందరూ చెబుతారు. ఇంగ్లీషులో మన పుస్తకం మాన్యువల్‌తోనూ, దేశమంతటి బ్లాగులతోనూ పోటీ పడాలి. తెలుగులో అంత పోటీ లేదు. మన కాలేజీల్లో కోహా తెర ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి మెనూల పేర్లు తెర మీద ఎలా కనిపిస్తాయో అలాగే ఇచ్చి, వివరణ మాత్రం మనం మాట్లాడుకునే తెలుగులో రాయండి. "గ్రంథసూచీకరణ" లాంటి మాటలు పెడితే లైబ్రేరియన్లే తడుముకుంటారు, క్యాటలాగింగ్ అంటే చాలు.

ఇంగ్లీషు ఎడిషన్ కూడా వేసే ఓపిక ఉంటే దాన్ని అచ్చు వేయకుండా ఈ-బుక్‌గా పెట్టండి. ఈ-బుక్‌లు అమ్మే సైటు లీన్‌పబ్ 80 శాతం రాయల్టీ ఇస్తుంది, పుస్తకం రాస్తుండగానే అమ్మకానికి పెట్టుకోవచ్చు, మార్చినప్పుడల్లా కొన్నవాళ్లకి కొత్త కాపీ అందుతుంది. ఆరు నెలలకోసారి మారే సాఫ్ట్‌వేర్‌కి ఇది బాగా నప్పే పద్ధతి. రచయితలే కిండిల్ పుస్తకాలు పెట్టుకునే అమెజాన్ కేడీపీలో 2.99 నుంచి 9.99 డాలర్ల మధ్య ధర పెడితేనే 70 శాతం రాయల్టీ, ఆ పరిధి దాటితే 35. పైగా 70 శాతం పద్ధతిలో ఫైలు సైజుని బట్టి మెగాబైటుకింత అని డెలివరీ ఖర్చు కోస్తారు. స్క్రీన్‌షాట్లు నిండిన మనలాంటి పుస్తకానికి ఆ కోత బాగా తగులుతుంది, బొమ్మలు కుదించి పెట్టాలి. తెలుగు ఎడిషన్‌కి కిండిల్ మీద ఆశ పెట్టుకోకండి. 2016లో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. ఇది నాకు ఇప్పటికీ బాధే.

తెలుగు పీడీఎఫ్ అమ్మవచ్చా అని అడుగుతారు. అమ్మిన వారానికి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. నేను పీడీఎఫ్ విడిగా అమ్మను. అచ్చు పుస్తకం కొన్న కాలేజీకి, ప్రతి పేజీ అడుగున ఆ కాలేజీ పేరు వేసి, అదనంగా ఇస్తాను. తన కాలేజీ పేరున్న ఫైలుని గ్రూపులో పెట్టడానికి ఎవరికీ చేయి ఆడదు.

డీటీపీలో డబ్బు పోయే చోటు

మన ప్రెస్సుల్లో చాలామంది ఆపరేటర్లు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో వేగంగా కొడతారు. అది యూనికోడ్ కాదు. ఆ ఫైలులో ఒక మాట వెతకలేరు, ఈ-బుక్ చేయలేరు, రెండో ముద్రణలో ఒక అధ్యాయం మార్చాలంటే మళ్లీ ఆ ఆపరేటర్ దగ్గరికే వెళ్లాలి. మొదట్లో కొంచెం ఎక్కువ అడిగినా యూనికోడ్‌లోనే చేయించండి. మండలి, ఎన్‌టీఆర్ లాంటి మంచి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇన్‌డిజైన్‌లో చేసేవాళ్లు దొరక్కపోతే లిబ్రేఆఫీస్‌లో స్టైల్స్ సరిగ్గా పెట్టుకుని మీరే చేసుకోవచ్చు. 25,000లో సగం అక్కడే మిగులుతుంది, రెండో ముద్రణలో దాదాపు మొత్తం మిగులుతుంది.

కోహా కొత్త వెర్షన్ ఏటా మేలో ఒకటి, నవంబరులో ఒకటి వస్తుంది. 22.11లో స్టాఫ్ ఇంటర్‌ఫేస్ రూపమే మారిపోయింది. అంతకుముందు తీసిన పూర్తి తెర బొమ్మలు చూసి కొత్తగా నేర్చుకునేవాళ్లు తికమక పడతారు. అందుకని పూర్తి తెర పెట్టకుండా, అవసరమైన గడి మేరకే కత్తిరించి పెట్టండి. ఎంత కత్తిరిస్తే అంత ఎక్కువ కాలం నిలుస్తుంది. నలుపు తెలుపులో అచ్చయినా చదవగలిగేలా ముందే గ్రే చేసి చూసుకోండి, రంగు పేజీలు ఖర్చు బాగా పెంచుతాయి. బొమ్మల్లో నిజమైన విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్లు కనిపించకూడదు. కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా పనిచేసే వర్చువల్‌బాక్స్‌లో వేరే కోహా పెట్టుకుని, కల్పిత సభ్యులతో తీయండి.

ఇన్‌స్టలేషన్ ఆదేశాలు, వెర్షన్ నంబర్లు త్వరగా పాతబడతాయి. వాటిని పుస్తకంలో పెట్టకుండా ఒక చిన్న అనుబంధంగా ఆన్‌లైన్‌లో ఉంచి, దాని క్యూఆర్ కోడ్ అట్ట లోపల వేయండి. మార్క్21 (పుస్తకాల రికార్డులు రాసే ప్రామాణిక పద్ధతి), సర్క్యులేషన్ నియమాల వెనక ఆలోచన, బ్యాకప్ క్రమశిక్షణ, తెలుగు క్యాటలాగింగ్ ఏళ్ల తరబడి మారవు. పుస్తకం బరువంతా వాటి మీద ఉండాలి.

ముందస్తు చందాలు

డెట్రాయిట్‌లో మైఖేల్ డబ్ల్యూ. లూకాస్ అనే రచయిత ఉన్నారు. ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ లాంటి కొద్దిమంది వాడే ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద రెండు దశాబ్దాలకు పైగా రాస్తున్నారు. పబ్లిషర్లకి రాస్తూనే సొంతంగానూ వేసుకుంటారు, తన సైట్‌లో నేరుగా అమ్ముతారు. పుస్తకం రాస్తుండగానే పాఠకుల నుంచి స్పాన్సర్‌షిప్ తీసుకుని, వాళ్ల పేర్లు పుస్తకంలో వేస్తారు. చిన్న పాఠక వర్గాన్ని నమ్ముకుని ఇంతకాలం నిలబడటం నాకు గొప్ప ధైర్యాన్నిచ్చింది.

ఇది మనకి కొత్తేమీ కాదు. తెలుగులో ఎన్నో పుస్తకాలు చందాదారుల డబ్బుతోనే అచ్చయ్యాయి. చివరి ప్రూఫులు చూస్తున్నప్పుడు మీ పట్టికలోని కాలేజీలకి ప్రీ పబ్లికేషన్ ఆఫర్ పంపండి, ముందు కట్టినవాళ్లకి 500 అని. 60 మంది కట్టినా 30,000, ప్రెస్సు బిల్లు మన జేబులోంచి పోదు. అంతకంటే ముఖ్యం, 20 మంది కూడా స్పందించకపోతే 200 వేయాల్సిన పని లేదని అచ్చుకి ముందే తెలిసిపోతుంది. డబ్బు తీసుకున్నాక చెప్పిన తేదీకి పుస్తకం చేరాలి, ఆ మాట తప్పితే మళ్లీ ఎవరూ ఇవ్వరు. అందుకే పని మొత్తం పూర్తయ్యాకే అడగమంటున్నాను.

బిల్లు, పోస్టు

కాలేజీ లైబ్రరీకి అమ్మడం దుకాణంలో అమ్మడం లాంటిది కాదు. ముందు ప్రొఫార్మా ఇన్వాయిస్ అడుగుతారు. తర్వాత ఆర్డరు, దాని మీద పుస్తకం, బిల్లు మూడు కాపీలు. లైబ్రేరియన్ పుస్తకాన్ని యాక్సెషన్ రిజిస్టరులో ఎక్కించి, ఆ నంబరు బిల్లు వెనక రాసి, అకౌంట్స్‌కి పంపితే గానీ డబ్బు కదలదు. అది కదలడానికి నెలలు పట్టొచ్చు. కాబట్టి ఆ డబ్బుని నమ్ముకుని ప్రెస్సుకి తేదీ ఇవ్వకండి. పాన్, బ్యాంకు వివరాలు, క్యాన్సిల్డ్ చెక్కు కాపీ బిల్లుతోనే పంపితే ఒక విడత ఉత్తరాలు తగ్గుతాయి. ముద్రిత పుస్తకాలకి జీఎస్‌టీ లేదు, బిల్లు మీద హెచ్‌ఎస్‌ఎన్ (జీఎస్‌టీలో సరుకుల కోడ్) 4901 అని రాయండి, అడిగేవాళ్లుంటారు. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో లైబ్రేరియన్ల చేతిలో ఖర్చు పెట్టాల్సిన బడ్జెట్ ఉంటుంది. పుస్తకం డిసెంబరుకి సిద్ధంగా ఉండేలా చూసుకోండి. ఏప్రిల్‌లో తెస్తే ఏడాది పోయినట్టే.

రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబరులో ఆగిపోయాక చిన్న ప్రచురణకర్తలందరం ఇబ్బంది పడ్డాం. 2025 మే 1 నుంచి పుస్తకాలు పంపడానికి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. మొదలైనప్పటి రేట్లు 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది, కానీ రోడ్డు, రైలు మార్గాన వెళ్తుంది కాబట్టి ఆలస్యమవుతుంది. పుస్తకం మీద ప్రింటరు లేదా పబ్లిషరు పేరు ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. స్పాన్సర్ల పేర్లు కృతజ్ఞతల పేజీలో వేయండి గానీ వెండర్ల ప్రకటనలు తీసుకోకండి. ఒక ప్రకటన డబ్బు కోసం పోస్టేజీ రాయితీ పోగొట్టుకోవడమే కాక, ఏ వెండర్ మంచివాడో చెప్పే స్వేచ్ఛ కూడా పోతుంది.

ఉచితంగా పోయే పది కాపీలు ఎక్కడికంటే, 1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం నాలుగు: కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాకి, ముంబయి సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి. ఖర్చు మనదే. లైబ్రేరియన్లమై ఉండి ఇది ఎగ్గొట్టడం బాగుండదు. మిగతా ఆరు, చిత్తుప్రతి చదివి పరీక్షించినవాళ్లకి, లైబ్రరీ సైన్స్ విభాగాలకి. 1935 నుంచి లైబ్రరీ సైన్స్ నేర్పుతున్న ఆంధ్రా యూనివర్సిటీకి ఒకటి తప్పకుండా పంపండి. అక్కడ చదివినవాళ్లు ఎక్కడెక్కడో లైబ్రేరియన్లుగా ఉన్నారు.

పన్ను

రెండే విషయాలు, మిగతావి ఆడిటర్‌ని అడగండి. రచయితల రాయల్టీకి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 80క్యూక్యూబీ కింద 3 లక్షల వరకు మినహాయింపు ఉందని చెబుతారు. అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, సాహిత్య, కళా, శాస్త్ర గ్రంథాలకే. గైడ్లని ఆ నిర్వచనంలోంచి తీసేశారు. మనం సొంతంగా అమ్ముకున్న డబ్బు రాయల్టీ కాదు, వ్యాపార ఆదాయం. రెండోది, అమెజాన్ లాంటి అమెరికా సంస్థల నుంచి రాయల్టీ వస్తే పన్ను వివరాల ఫారంలో పాన్ నంబరు ఇచ్చి భారత్-అమెరికా పన్ను ఒప్పందాన్ని వాడుకోండి. లేకపోతే అమెరికా అమ్మకాల మీద 30 శాతం కోస్తారు, వాడుకుంటే 15. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లు అమ్మకం మొదలుపెట్టకముందే కాలేజీకి రాతపూర్వకంగా తెలియజేసి అనుమతి తీసుకోండి.

పుస్తకం చుట్టూ వచ్చే డబ్బు

35,800 అనేది జీవనాధారం కాదు, అది నాకు తెలుసు. కానీ పుస్తకం చదివిన కాలేజీ వర్క్‌షాప్‌కి పిలుస్తుంది. పిలిచినప్పుడు గౌరవ వేతనంతో పాటు, పాల్గొనే ప్రతి ఒక్కరి కిట్‌లోనూ పుస్తకం ఉండేలా మాట్లాడుకోండి. 40 మంది వస్తే 40 కాపీలు ఒకే పార్సిల్‌లో, ఒకే బిల్లు మీద పోతాయి. విడివిడి పోస్టేజీ ఉండదు కాబట్టి వాళ్లకి 30 శాతం డిస్కౌంట్ ఇచ్చినా మనకి నష్టం లేదు. 1914లో విజయవాడలో మొదలైన గ్రంథాలయ సంఘం కాలం నుంచీ మనవాళ్లకి కలిసి కూర్చుని నేర్చుకునే అలవాటు ఉంది. ఆ సమావేశాల్లో వచ్చే ప్రశ్నలు రాసుకోండి, అవే రెండో ముద్రణలో కొత్త పేజీలు. ఇన్‌స్టలేషన్ చేసిపెట్టమని అడిగేవాళ్లూ ఉంటారు. అది చేస్తారో లేదో మీ ఇష్టం, చేస్తే మాత్రం మెయింటెనెన్స్‌కి విడిగా ధర చెప్పండి. లేకపోతే రాత్రి పదింటికి "సర్వర్ ఆగిపోయింది మేడమ్" అనే ఫోన్లు ఉచితంగా ఎత్తుతూనే ఉండాలి.

పుస్తకంలో తప్పులు చెప్పినవాళ్లందరికీ జవాబివ్వండి, సవరణలు ఆన్‌లైన్ అనుబంధంలో తేదీతో పెట్టండి. స్టాక్ 30 కాపీలకి తగ్గినప్పుడు క్యాలెండర్ చూడండి. మే వెర్షన్ వచ్చి కొన్నాళ్లే అయితే సవరణలు కలిపి 100 కాపీలు వేయించండి. నవంబరు దగ్గరపడితే ఆగి, కొత్త వెర్షన్‌లో ప్రతి అధ్యాయాన్నీ వర్చువల్‌బాక్స్‌లో మళ్లీ చేసి చూసుకుని, డిసెంబరులో ప్రెస్సుకి ఇవ్వండి.